బాస్ చేపకు ఏ ఎర? బ్లేడ్ జిగ్‌ను మరో మూడింటి పక్కన పెట్టి చూస్తే

డాలస్ చుట్టుపక్కల ఏ పెద్ద ఫిషింగ్ దుకాణానికి వెళ్లినా, కొత్తగా గాలం చేతపట్టినవారు నిలబడిపోయే గోడ ఒకటి ఉంటుంది. విసిరి, తిరిగి చుట్టుకుంటూ రావడానికి తయారుచేసిన కృత్రిమ ఎరలు అక్కడ వరసలు వరసలుగా వేలాడుతుంటాయి. వాటిలో లోతు తక్కువ నీటిలో లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్ద నోటి మంచినీటి చేపకు వాడే ముఖ్యమైనవి నాలుగు: బ్లేడ్ జిగ్, స్పిన్నర్‌బెయిట్, స్విమ్ జిగ్, లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్. నాలుగూ కదలికతో చేపను రెచ్చగొట్టేవే, నాలుగూ ఇంచుమించు ఒకే బరువుల్లో దొరికేవే. ఈ వ్యాసం ప్రధానంగా బ్లేడ్ జిగ్ కొనాలా వద్దా అని తేల్చుకోలేనివారి కోసం రాసినది. అయితే మిగిలిన మూడింటి పక్కన నిలబెట్టి చూస్తే తప్ప, అది ఎక్కడ అక్కరకు వస్తుందో, ఎక్కడ దండగ అవుతుందో తెలియదు.

ముందుగా చూడవలసినవి

అన్నిటికంటే ముందు చూడవలసింది నీటిలో ఏముందన్నది. నాచు ఉందా, మునిగిన చెట్ల మోడులు ఉన్నాయా, రాళ్లా, తామరాకులా, లేక ఉత్త మట్టి అడుగేనా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం గోడ మీ ముందు నుంచి తప్పుకుంటుంది. రెండవది నీటి తేట. బాస్ తేటనీటిలో ప్రధానంగా కంటితో వేటాడుతుంది. నీరు మసకబారేకొద్దీ ఒంటి పక్కల వెంబడి ఉండే పార్శ్వరేఖతో నీటి అదురును పసిగట్టి వేటాడుతుంది. కాబట్టి ఎంత అదిరే ఎర కావాలన్నది నీటి రంగును బట్టి ఉంటుంది. ఆ తర్వాత లోతు, నీటి వేడిమి, గాలి వస్తాయి. చివరిది చాలామంది లెక్కలో వేసుకోనిది: మీరు గట్టు మీద నిలబడి విసురుతున్నారా, పడవలోంచా? పడవలో ఉన్నవారు ఎర చిక్కుకుంటే అక్కడికి వెళ్లి విడిపించుకోగలరు. గట్టు మీద ఉన్నవారికి లైను తెంపుకోవడం ఒక్కటే దారి. ఒక్కో ఎరకు పదహారు డాలర్లు పెట్టినవారికి ఈ తేడా మొదటి రోజే అర్థమవుతుంది.

బ్లేడ్ జిగ్ ఎలా పని చేస్తుంది

దీని నిర్మాణం చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. సీసపు తల, దానికి ఒక పెద్ద హుక్కు, హుక్కును కప్పుతూ సిలికాన్ కుచ్చు, దాని వెనక తగిలించే మెత్తని ప్లాస్టిక్ తోక. ఇంతవరకు ఇది మామూలు జిగ్. తలకు ముందు ఆరు మూలల లోహపు రేకు ఒకటి నేరుగా బిగించి ఉంటుంది, లైను ఆ రేకు ముందున్న క్లిప్‌కు కట్టాలి. చుట్టడం మొదలుపెట్టగానే నీరు రేకును ఒకసారి ఇటు, ఒకసారి అటు తోస్తుంది. రేకు తలకు తగిలి వెనక్కి మళ్లుతుంది, దాంతో మొత్తం ఎర ఒళ్లంతా కదిలిపోతుంది. ఆ అదురు రాడ్ పిడి దాకా వచ్చి అరచేతికి తెలుస్తుంది. రాడ్ పట్టుకున్నవారికి ఇదే పెద్ద సమాచారం. అదురు ఆగిందంటే నాచు చుట్టుకుందని, లేదా చేప నోట పెట్టుకుని మీ వైపే వస్తోందని అర్థం.

అందరూ దీన్ని చాటర్‌బెయిట్ అంటారు గాని అది ఒక కంపెనీ వ్యాపారనామం. దక్షిణ కరోలినాలోని గ్రీన్‌వుడ్‌లో ఒక తండ్రీకొడుకులు దీన్ని రూపొందించి ర్యాడ్ లూర్స్ పేరుతో అమ్మారు. 2006 జనవరిలో ఫ్లోరిడాలోని ఓకిచోబీ సరస్సు మీద జరిగిన పోటీలో బ్రయన్ థ్రిఫ్ట్ అనే పోటీ జాలరి దీనితో గెలిచిన తర్వాత ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. తర్వాత హక్కులు అదే రాష్ట్రానికి చెందిన జీ-మ్యాన్ చేతికి వచ్చాయి. ఓకిచోబీ విశాలమైన, లోతు తక్కువ సరస్సు, దాని నిండా నీటి మొక్కలు. ఈ ఎరకు పేరు తెచ్చినది అలాంటి నీరు కావడం యాదృచ్ఛికం కాదు.

బ్లేడ్ జిగ్ అసలు చోటు నీటి అడుగున, ఉపరితలానికి ఒకటి రెండు అడుగుల కింద తలలు ఆపుకున్న నాచు. మన చెరువుల్లోనూ పెరిగే హైడ్రిల్లానే అమెరికా దక్షిణాది సరస్సుల్లోనూ పరుచుకుని ఉంది. ఆ నాచు కొసలను రాసుకుంటూ ఎరను లాగి, చిక్కినప్పుడు మణికట్టుతో చురుగ్గా విదిలిస్తే, నాచు తెంపుకుని ఎర ఒక్క ఉదుటున బయటికి దూకుతుంది. చేప కొట్టేది ఎక్కువగా ఆ క్షణంలోనే. ఎక్కడా తగలకుండా ఖాళీ నీటిలో నున్నగా లాగుతూ, చేప పడలేదని ఈ ఎరను తిట్టేవారిని చాలామందిని చూశాను. వారు వాడే ఎరలో లోపం లేదు.

దీని బలహీనతలూ అంతే స్పష్టమైనవి. హుక్కు చిక్కకుండా కాపాడే గట్టి పీచుల అడ్డు దీనికి ఉండదు, కాబట్టి మోడుల మధ్య, కూలిన చెట్టు కొమ్మల మధ్య తొందరగా తగులుకుంటుంది. పీచులాంటి పాచి రేకుకూ తలకూ మధ్య ఇరుక్కుంటే అదురు చచ్చిపోతుంది, ప్రతి విసురుకూ వేళ్లతో తీసుకోవాలి. గాలి లేని రోజున తేటనీటిలో దాని హడావుడే చేపను బెదరగొడుతుంది. పన్నెండు పదిహేను అడుగుల కన్నా లోతుకు దీన్ని దింపవచ్చు గాని, ఆ పనికి దీనికన్నా మంచివి ఉన్నాయి.

స్పిన్నర్‌బెయిట్

ఆంగ్ల వి అక్షరంలా వంచిన తీగ, కింది కొసన తల, హుక్కు, కుచ్చు. పై కొసన గుండ్రంగా తిరిగే ఒకటి రెండు రేకులు. ఆ వంపు తీగే దీని ప్రాణం. కొమ్మ ఎదురైతే ముందు తీగ తగిలి, హుక్కు పక్కకు తప్పుకుంటుంది. అందువల్ల నిలువు మోడులు ఉన్న నీటిలో బ్లేడ్ జిగ్ కన్నా ఇదే నయం. రేకు ఆకారాన్ని బట్టి దీని స్వభావం మారుతుంది. గుండ్రటి కొలరాడో రేకు నీటిని బలంగా కొడుతుంది కాబట్టి బురదనీటికి, చీకటి పడ్డాక వాడుకకు సరిపోతుంది. సన్నని విల్లో రేకు అదురు తక్కువ, తళుకు ఎక్కువ. గాలికి అలలు లేచిన తేటనీటిలో చిన్న షాడ్ చేపల గుంపులా మెరుస్తుంది.

నష్టం విసిరేటప్పుడు తెలుస్తుంది. ఎదురుగాలిలో ఆ తీగ, రేకులు గాలిని పట్టి ఎరను దారి మళ్లిస్తాయి. బ్లేడ్ జిగ్ ముద్దగా ఉండి, అనుకున్న చోటికి సూటిగా పోతుంది. మంచి చేప ఒకటి పడ్డాక తీగ వంగిపోవడం, దాన్ని మళ్లీ సరిచేసుకోవలసి రావడం కూడా మామూలే.

స్విమ్ జిగ్

దీన్ని రేకు తీసేసిన బ్లేడ్ జిగ్‌గా ఊహించుకోవచ్చు. తల మొనదేలి ఉంటుంది, హుక్కుకు ముందు పీచుల అడ్డు ఉంటుంది, చప్పుడు దాదాపు ఉండదు. తామరాకుల సందుల్లోంచి, జమ్ము కాడల మధ్య నుంచి ఇది జారిపోయినట్లు మిగిలిన మూడింటిలో ఏదీ జారదు. తేటనీటిలో, జాలర్ల తాకిడి ఎక్కువై చేపలు బెదిరిన చోట దీని నిశ్శబ్దమే లాభం. నీరు బురదగా ఉంటే మాత్రం చేపకు దీని ఉనికే తెలియదు. ధర తక్కువ.

లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్

చేప ఆకారంలో పలచటి గట్టి ప్లాస్టిక్ ఒళ్లు, లోపల గలగలలాడే గోళీలు, కింద మూడేసి ముళ్లున్న హుక్కులు రెండు. బిల్ లూయిస్ తయారుచేసిన ర్యాటిల్-ట్రాప్ ఈ రకానికి మారుపేరుగా నిలిచింది. ఖాళీగా పరచుకున్న పెద్ద నాచు మైదానంలో చేప ఎక్కడుందో వెతకడానికి దీన్ని మించినది లేదు. దూరం పోతుంది, వేగంగా లాగినా అదుపు తప్పదు. చలికాలం చివర నీరు ఇంకా చల్లగా ఉన్నప్పుడు నాచులోకి పడనిచ్చి, విదిలించి, మళ్లీ పడనిచ్చే పద్ధతికి కూడా బాగా సరిపోతుంది. ఫిబ్రవరిలో తూర్పు టెక్సాస్‌లోని శామ్ రేబర్న్, టొలీడో బెండ్ సరస్సుల మీద ఎర్రటి లిప్‌లెస్ లేని పడవ అరుదు.

అయితే ఆరు ముళ్లు బయటికి చూస్తుండడం వల్ల చెక్క ఉన్న చోట దీన్ని విసరడం చేజేతులా పోగొట్టుకోవడమే. పైగా బాస్ నీటిపైకి ఎగిరి తల విదిలించినప్పుడు ఈ బరువైన ఎర ఊగి, హుక్కు ఊడిపోవడం తరచుగా జరుగుతుంది. బ్లేడ్ జిగ్‌కు ఉన్న ఒంటి పెద్ద హుక్కు ఒకసారి దిగితే అంత సులభంగా ఊడదు.

పక్కపక్కన పెడితే

| పరిస్థితి | బ్లేడ్ జిగ్ | స్పిన్నర్‌బెయిట్ | స్విమ్ జిగ్ | లిప్‌లెస్ |
|---|---|---|---|---|
| మునిగిన పలచని నాచు | మొదటి ఎంపిక | ఫరవాలేదు | ఫరవాలేదు | చాలా మంచిది |
| మోడులు, కొమ్మలు | చిక్కుతుంది | మొదటి ఎంపిక | మంచిది | వద్దు |
| తామరాకులు, జమ్ము | అంచుల వెంబడి మాత్రమే | కష్టం | మొదటి ఎంపిక | వద్దు |
| మసకనీరు, బురదనీరు | చాలా మంచిది | కొలరాడో రేకుతో చాలా మంచిది | బలహీనం | మంచిది |
| తేటనీరు, గాలి లేదు | బలహీనం | బలహీనం | మొదటి ఎంపిక | బలహీనం |
| ఎదురుగాలిలో విసురు | మంచిది | కష్టం | మంచిది | చాలా మంచిది |

మసకనీటి వరసలో రెండింటికి ఒకే మార్కు పడింది, కాబట్టి అక్కడ కొంత వివరం కావాలి. నీరు మసకగా ఉండి నాచు ఉంటే బ్లేడ్ జిగ్, నీరు మసకగా ఉండి చెక్క ఉంటే స్పిన్నర్‌బెయిట్. రెండూ కలిసి ఉన్న చోట, ఉదాహరణకు హైడ్రిల్లా మధ్య మోడులు నిలబడి ఉన్న తూర్పు టెక్సాస్ సరస్సు లేక్ ఫోర్క్‌లో, నేను స్పిన్నర్‌బెయిట్‌తో మొదలుపెట్టి, చెక్క లేదని నమ్మకం కుదిరిన చోట బ్లేడ్ జిగ్‌కు మారతాను. ఈ వరస నాకు ఊరికే అబ్బలేదు. ఒకే ఉదయం మూడు ఖరీదైన బ్లేడ్ జిగ్‌లను ఒకే మోడుకు సమర్పించుకున్నాక వచ్చిన జ్ఞానమిది.

బ్లేడ్ జిగ్‌లోనే ఏది: చౌకదా, ఖరీదైనదా?

మొదటి నమూనా చాటర్‌బెయిట్ ఇప్పటికీ దొరుకుతుంది, సుమారు ఆరేడు డాలర్లు. అదే కంపెనీ జపాన్‌కు చెందిన ఎవర్‌గ్రీన్‌తో కలిసి, పోటీ జాలరి బ్రెట్ హైట్ సలహాతో తెచ్చిన జ్యాక్‌హామర్ పదహారు డాలర్లకు అటూఇటూగా ఉంటుంది. రెండింటికీ మధ్య ధరలో స్ట్రైక్ కింగ్ వారి థండర్ క్రికెట్ ఉంది.

ధరలో తేడాకు తగిన తేడా ఎరలో ఉందా అంటే, ఉంది. జ్యాక్‌హామర్ తల బరువు కిందికి సర్ది ఉండడం వల్ల ఎర పక్కకు ఒరగదు. రీల్ ఒకటి రెండు చుట్లు తిరిగేలోపే రేకు కొట్టడం మొదలవుతుంది. చాలా నెమ్మదిగా లాగినా అదురు ఆగదు. మధ్యమధ్య తనంతట తానే పక్కకు తొణికి మళ్లీ దారిలోకి వస్తుంది. చౌక రకాల్లో రేకును కదిలించడానికి ఒక్కోసారి రాడ్‌ను ఒకసారి కుదపవలసి వస్తుంది, పది తీస్తే అందులో ఒకటి రెండు సరిగా ఈదకపోవచ్చు. అయితే ఈ తేడా చేపల సంఖ్యలో కనిపించేది చల్లని నీటిలో నెమ్మదిగా లాగవలసినప్పుడు, నాచులోంచి విదిలించగానే వెంటనే మళ్లీ అదరవలసినప్పుడు. వారాంతంలో రెండు గంటలు గట్టు మీద గడిపేవారికి మొదటి ఏడాది ఆ తేడా తెలిసే అవకాశం తక్కువ, పోగొట్టుకునే అవకాశం ఎక్కువ. కాబట్టి వారు చౌకవి రెండు కొనుక్కోవడం మేలు. పడవ ఉండి, నాచు సరస్సులకు తరచుగా వెళ్లేవారు మాత్రం ఖరీదైనది ఒక్కటి కొని పోల్చి చూడవచ్చు; తర్వాత చౌకదాని వైపు చూడరనే నా అనుమానం.

బరువు విషయంలో ఎక్కువ ఆలోచించనక్కరలేదు. నాలుగడుగుల లోపు నీటికి 3/8 ఔన్సు, అంటే సుమారు 11 గ్రాములు; మూడు నుంచి ఎనిమిది అడుగులకు 1/2 ఔన్సు; అంతకన్నా లోతుకు లేదా గాలి బాగా ఉన్న రోజుకు 3/4 ఔన్సు. ఒక్కటే కొనాలంటే 1/2.

రంగుల్లో కూడా మూడు చాలు. నీరు బురదగా ఉంటే నలుపు, నీలం కలిసినది. షాడ్ చేపలు వాగుల వైపు గుంపులుగా కదిలే శరదృతువులో తెలుపు. మిగిలిన సమయమంతా గ్రీన్ పంప్‌కిన్ అనే ఆకుపచ్చ గోధుమ రంగు. టెక్సాస్ వసంతంలో మాత్రం ఎర్రటి క్రా రంగుకు ప్రత్యేక స్థానం ఉంది, అప్పుడు బాస్ ముసురుకునేది నాచులోంచి బయటపడే రొయ్యలాంటి క్రాఫిష్ మీద.

తోక మీద ఇంతకన్నా శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే ఎర లోతును, వేగాన్ని నిర్ణయించేది అదే. నిటారుగా, చీలిన కొసతో ఉండే సన్నని తోక పెడితే రేకు పూర్తి స్వేచ్ఛతో కొట్టుకుంటుంది, పక్కలకు ఊగడం ఎక్కువవుతుంది. కొసన తెడ్డులా ఉండే తోక పెడితే అది నీటిని పట్టి ఎరను పైకి లేపుతుంది, అదురు కొంచెం తగ్గుతుంది. లోతు తక్కువ నీటిలో నెమ్మదిగా లాగాలంటే ఇదే కావాలి. నాచు తలలు ఎర కన్నా పైకి వస్తున్నప్పుడు బరువు తగ్గించే ముందు తోక మార్చి చూడండి.

రాడ్, రీల్, లైను

బ్లేడ్ జిగ్‌కు బాగా గట్టి రాడ్ వాడితే చేప నోట పెట్టుకోకముందే లాగేసుకుంటారు. ఏడడుగులకు కాస్త పొడవుగా, మీడియం హెవీ బలంతో, సగం దాకా వంగే గుణం ఉన్న రాడ్ సరిపోతుంది. ఫైబర్‌గ్లాసు కలిసిన రాడ్‌లు దీనికి బాగుంటాయి. రీల్ గేరు 6.3 లేదా 7, అంటే పిడిని ఒక చుట్టు తిప్పితే లైను చుట్టుకునే చక్రం అన్ని చుట్లు తిరగాలి. లైను 15 నుంచి 20 పౌన్ల లాగుడును తట్టుకునే ఫ్లోరోకార్బన్ రకం. నాచు బాగా దట్టంగా ఉంటే మాత్రం అల్లిన లైను నాచును కోసుకుంటూ వస్తుంది. ఇదే సరంజామా స్పిన్నర్‌బెయిట్‌కు, లిప్‌లెస్‌కు కూడా పనికొస్తుంది. స్విమ్ జిగ్‌కు మాత్రం పీచు అడ్డును దాటి హుక్కు దిగాలి కాబట్టి కొంచెం గట్టి రాడ్ కావాలి. ఒక్క రాడ్ మాత్రమే కొనే స్తోమత ఉన్నవారికి ఈ కారణం చేతే స్విమ్ జిగ్ రెండో ఏడాదికి వాయిదా వేసుకోమని చెబుతాను.

ఎవరికి ఏది

డాలస్ పక్కనున్న ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ ప్రాంతాల్లో కాలనీ చెరువుల గట్టు మీద విసిరేవారు: 3/8 ఔన్సు చౌక బ్లేడ్ జిగ్. ఆ చెరువుల్లో గట్టు వెంబడి నాచు, మసకనీరు మామూలే, లోతు తక్కువే. పీచుపాచి పేరుకునే ఎండాకాలంలో మాత్రం దాన్ని పక్కనపెట్టండి.

లావన్ లాంటి మట్టినీటి సరస్సుకు వెళ్లేవారికి కొలరాడో రేకు స్పిన్నర్‌బెయిట్ ముందు, నలుపు నీలం బ్లేడ్ జిగ్ తర్వాత. కాలిఫోర్నియా బే ఏరియాలో ఉండి శాక్రమెంటో-శాన్ వాకిన్ డెల్టాకు వెళ్లగలిగేవారు, అలబామాలో గంటర్స్‌విల్ సరస్సుకు దగ్గరగా ఉన్నవారు అదృష్టవంతులు. అవి నాచు నీళ్లు, అక్కడ 1/2 ఔన్సు బ్లేడ్ జిగ్ మీద డబ్బు పెట్టడానికి వెనకాడనక్కరలేదు. న్యూ ఇంగ్లండ్ తేటనీటి సరస్సుల దగ్గర ఉన్నవారికి గాలి వీచే రోజు కోసం బ్లేడ్ జిగ్, మిగిలిన రోజులకు స్విమ్ జిగ్.

పిల్లలతో వెళ్లేవారికి సలహా వేరు. ఆరు ముళ్ల లిప్‌లెస్‌ను పక్కన పిల్లలు ఉండగా విసరవద్దు, పడిన చేపను వారి చేతికి అసలే ఇవ్వవద్దు. ఒంటి హుక్కు ఎరల్లో బ్లేడ్ జిగ్ వారికి నేర్పడానికి అనువైనది, ఎర పని చేస్తోందా లేదా అన్నది అదురు ద్వారా వారి చేతికే తెలుస్తుంది.

తెలంగాణలోనో ఆంధ్రలోనో కొరమీను కోసం దీన్ని తెప్పించుకోవచ్చా అని అడిగేవారూ ఉన్నారు. కొరమీను కూడా బాస్ లాగే మాటువేసి కొట్టే చేపే. కాని అది దాగే చోటు గుర్రపుడెక్క, తామర, నీటిపై పరచుకున్న నాచు. బయటికి తెరుచుకున్న హుక్కు అక్కడ ఒక్క విసురుకు కూడా నిలవదు. బోలు రబ్బరు కప్ప ఎరే అక్కడ సరైనది.

కొనే ముందు చూసుకోవలసిన నిబంధనలు

టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవారికి ఫిషింగ్ లైసెన్సు తప్పనిసరి. అయితే స్టేట్ పార్కు హద్దులలో గట్టు మీద నుంచి పట్టేవారికి లైసెన్సు అక్కరలేదు. డాలస్ వారికి జో పూల్ సరస్సు ఒడ్డున ఉన్న సీడర్ హిల్ స్టేట్ పార్కు ఇందుకు దగ్గర. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను తిరిగి నీటిలో వదిలేయాలి. రాష్ట్ర రికార్డు అయిన 18.18 పౌన్ల బాస్ 1992లో ఆ సరస్సులోనే పడింది, అక్కడి పెద్ద చేపలను కాపాడేది ఈ నియమమే. పులుసు పెట్టుకోవాలనుకునేవారికి 16 అంగుళాల లోపువి చాలు, రుచిలోనూ అవే మెరుగు.

అమెరికా ఈశాన్య రాష్ట్రాల వారు ఇంకొకటి చూసుకోవాలి. సీసం మింగి లూన్ అనే నీటి పక్షులు చనిపోతున్నందున న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ రాష్ట్రాలు చిన్న బరువుల సీసపు జిగ్‌ల వాడకాన్ని మంచినీటిలో నిషేధించాయి. పైన చెప్పిన బరువులన్నీ ఆ పరిమితి లోపలికే వస్తాయి. అక్కడ ఉన్నవారు ప్యాకెట్ మీద తల ఏ లోహమో చదివి, టంగ్‌స్టన్ తల ఉన్నదాన్ని తీసుకోవాలి. ధర ఎక్కువే అయినా, అదే బరువుకు తల చిన్నదిగా ఉండడం వల్ల నాచులో అది మరికొంత సులభంగా దూరుతుంది.